హాజరు ఉత్తరంతో వెళ్ళిన కాగితం

తెనాలిలో ఆడపిల్లల డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్ మాధవీలతకి తన లైబ్రరీ అంటే తగని గర్వం. ఆ గర్వాన్ని దాచుకునే రకం కూడా కాదు. అక్కడ పుస్తకం తీసుకెళ్ళిన ప్రతి పిల్లా తిరిగి ఇచ్చేటప్పుడు ఒక్క వాక్యం రాసిన చీటీ ఇవ్వాలి. "బాగుంది" అని రాస్తే చెల్లదు. "మా నాయనమ్మ నా చేత చదివించుకుని విన్నది, చివర్లో తిట్టింది" అని రాస్తే చెల్లుతుంది. చీటీ లేకపోతే ఇంకో పుస్తకం లేదు. పదహారేళ్ళుగా ఇదే పద్ధతి. పిల్లలు వెనకాల ఆవిణ్ణి ఒక్కవాక్యం మేడం అని పిలుచుకుంటారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు, తెలియనట్టు ఉంటుంది.

ఆ చీటీల్లోంచి మంచివి ఏరి, కొత్తగా వచ్చిన పుస్తకాల పేర్లూ చదవదగ్గవాటి పేర్లూ కలిపి నెలకో కాగితం వేస్తుంది. దాని పేరు 'బీరువా కబుర్లు'. మొన్న జూన్ దాకా అది నోటీసు బోర్డు దాటి ఎక్కడికీ వెళ్ళింది కాదు. అయితే కాలేజీ నుంచి నెలనెలా పిల్లల ఇళ్ళకి హాజరు ఉత్తరం వెళ్తుంది, మీ అమ్మాయి ఇన్ని రోజులు వచ్చింది, ఇన్ని రోజులు ఎగ్గొట్టింది అని. ఆ కవర్లోనే తన కాగితం కూడా పెట్టిస్తే ఇంటిల్లిపాదీ చదువుతారు కదా అని మాధవీలతకి ఆశ పుట్టింది. ప్రిన్సిపాల్ గారి గది చుట్టూ నెల్లాళ్ళు తిరిగి, ఆయన్ని విసిగించి మరీ ఒప్పించింది. ఏరికోరి తెచ్చుకున్న తంటా అంటే ఇదే. అప్పటికి ఆవిడకి తెలియదు.

ఈ నెల కాగితం స్త్రీలూ న్యాయమూ అనే విషయం మీద. కొత్త పుస్తకాలు పధ్నాలుగు వచ్చాయి. ఆస్తిలో కూతురి వాటా గురించి ఒకటి, పనిచేసేచోట వేధింపుల గురించి రెండు, న్యాయవాదులైన ఆడవాళ్ళ జీవితాలు కొన్ని, గృహహింస చట్టాన్ని తేలిక తెలుగులో చెప్పిన చిన్న పుస్తకం ఒకటి. పిల్లలు ఎగబడి తీసుకెళ్ళారు. వచ్చిన చీటీలన్నిట్లోకీ బి.ఏ. రెండో ఏడు చదివే మైథిలి చీటీ మాధవీలతకి తెగ నచ్చింది. ఆ చట్టం పుస్తకం చదివి ఆ పిల్ల ఇలా రాసింది: "భర్త దాచిపెట్టిన సర్టిఫికెట్లు కూడా రక్షణ అధికారికి చెప్పుకుని తిరిగి తీసుకోవచ్చని ఇందులో ఉంది, ఈ సంగతి తెలియని అక్కలు చాలామంది ఉంటారు, అందరికీ చెప్పండి."

చెప్పండి అంది కదా, మాధవీలత చెప్పింది. కాగితం నెత్తిన గడి కట్టి, ఈ నెల మేలైన పాఠకురాలు కె. మైథిలి, రేపల్లె నుంచి రోజూ రైల్లో వచ్చి చదువుకునే అమ్మాయి అని ముందో మాట కూడా తగిలించి అచ్చేయించింది. గురువారం ఆఫీసు గుమాస్తా కనకరత్నం నాలుగు వందల కవర్లు అంటించి పోస్టులో వేసి వచ్చాడు. వేశాక బోర్డుకి కూడా ఒకటి గుచ్చారు. శుక్రవారం మైథిలి కాలేజీకి రాలేదు.

శనివారం పొద్దున తొమ్మిదిన్నరకి ఆ పిల్ల నోటీసు బోర్డు ముందు నిలబడి ఉండటం మాధవీలత తన కుర్చీలోంచే చూసింది. థాంక్స్ చెప్పడానికి వస్తుంది కాబోలు అనుకుని కళ్ళజోడు తీసి తుడుచుకుని సిద్ధంగా కూర్చుంది. పిల్ల లోపలికి వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మేడం, ఇది ఇళ్ళకి కూడా వెళ్ళిందా?"

"వెళ్ళిందమ్మా, హాజరు ఉత్తరంతో పాటే. ఏం?"

"మా హాజరు ఉత్తరం మా బావ పేరు మీద వెళ్తుంది మేడం. బాపట్లకి."

మాధవీలతకి ముందు అర్థం కాలేదు. పిల్లని కూర్చోబెట్టి మంచినీళ్ళు తాగిస్తే ఒక్కొక్కటే చెప్పింది. మైథిలికి తండ్రి లేడు. కాలేజీలో చేరేటప్పుడు దరఖాస్తులో తండ్రి లేక సంరక్షకుడు అన్నచోట బావ హనుమాన్‌ప్రసాద్ సంతకం పెట్టాడు. మగదిక్కు లేని ఇల్లు, నేను చూసుకుంటాను అని ఉత్తరాలకి తన చిరునామా ఇచ్చుకున్నాడు. నెలనెలా ఉత్తరం చదివి, రెండు రోజులు తగ్గినా రేపల్లెకి ఫోన్ చేసి ఎందుకు తగ్గాయని అడుగుతాడు.

"మరి ఆ చీటీలో అక్కలు అని రాశావు..."

"మా అక్కే మేడం. రాగసుధ."

రాగసుధకి టీచరు ఉద్యోగం వచ్చింది. వచ్చే బుధవారం గుంటూరులో సర్టిఫికెట్ల పరిశీలన. అసలు కాగితాలు చేతిలో ఉంటేనే ఉద్యోగం, లేకపోతే పేరు కొట్టేసి తరవాతివాళ్ళని పిలుస్తారు. ఫలితాలు వచ్చిన మర్నాడే ఆమె సర్టిఫికెట్ల ఫైలు బీరువాలోంచి మాయమైంది. ఎక్కడ పెట్టారని మొగుణ్ణి అడిగితే, ఎక్కడో ఉంటుంది, ఏ మారుమూల పోస్టింగు ఇస్తారో ఏంటో, నువ్వు వెళ్తే ఈ ఇల్లెవరు చూస్తారు అన్నాడట. కొట్టలేదు, తిట్టలేదు. ఎప్పుడడిగినా అదే మాట, నవ్వుతూనే. మైథిలి తెచ్చిన పుస్తకం చదివాక రాగసుధ ఎవరికీ చెప్పకుండా జిల్లా ఆఫీసుకి వెళ్ళి రక్షణ అధికారికి రాసిచ్చింది. ఆవిడ సోమవారం పొద్దున ఇంటికొస్తానంది. ఈలోగా మీ ఆయన చెవిన పడనివ్వకమ్మా, పడిందంటే ఫైలు ఆ ఇంట్లో ఉండదు, నేను వచ్చి ఏం లాభం అని గట్టిగా చెప్పి పంపింది.

"అక్క ఇప్పుడు రేపల్లెలోనే ఉంది మేడం. అమ్మకి కంటి ఆపరేషనైంది, నిన్న నేను కూడా అందుకే రాలేదు. అక్క ఆదివారం సాయంత్రానికి బాపట్ల వెళ్తానని చెప్పి వచ్చింది. అక్కడ బావా, వాళ్ళమ్మగారూ ఉన్నారు." పిల్ల మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. "చీటీలు పేర్లతో వేస్తారని తెలుసు మేడం. ఇళ్ళకి పంపుతున్నారని తెలియదు. నాకు ఇంటికొచ్చే ఉత్తరమే లేదు కదా."

 పదహారేళ్ళలో మాధవీలత ఎన్ని వందల పేర్లు వేసిందో, ఏ పేరు పక్కన ఏ పుస్తకం ఉంటే ఎవరింట్లో ఏమవుతుందో ఒక్కసారైనా ఆలోచించిందా? పిల్లలు చదువుతున్నారన్న సంబరం తప్ప ఆవిడకి ఇంకేమీ కనపడలేదు. తనని తాను తిట్టుకోవడానికి కూడా అది సమయం కాదు. మైథిలి ఫోన్లోంచి రేపల్లెకి చేస్తే రాగసుధ అంతా విని, "నేను ఇప్పుడే బాపట్ల బయల్దేరతానండి" అంది.

"వద్దమ్మా," అంది మాధవీలత. "రేపొస్తానని ఇవాళే వెళ్ళావంటే అనుమానం కొని తెచ్చుకున్నట్టే. చేసింది నేను. నేనే వెళ్తాను."

మైథిలిని రేపల్లె రైలెక్కమని చెప్పి, ప్రిన్సిపాల్ గారికి అర్జెంటు పని అని రాసిపెట్టి, బయటికి నడిచింది. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చి, పాత కాగితాల కట్టలోంచి మార్చి నెల బీరువా కబుర్లు ఒకటి లాగింది. అది ఇళ్ళకి పంపడం మొదలెట్టకముందుది, పెరటి మొక్కల పుస్తకాల మీద. నెల పేరున్న మూల చింపేసి సంచిలో పెట్టుకుంది. కాగితం తారుమారైంది, ఆ తప్పుది ఇచ్చి ఈ సరైనది తీసుకోండి అని అడుగుదామని ఉద్దేశం. అబద్ధం ఆడటంలో ఆవిడకి బొత్తిగా అనుభవం లేదు. రైల్లో నిడుబ్రోలు దాటేదాకా ఆ నాలుగు మాటలే లోపల వల్లించుకుంటూ కూర్చుంది. పక్కన కూర్చున్నావిడ పరీక్షకేమైనా వెళ్తున్నారా అని అడిగింది కూడా.

బాపట్ల పోస్టాఫీసులో కౌంటర్ దగ్గరున్నావిడ సంగతి ఓపిగ్గా విన్నది. "మీరు పంపిన ఉత్తరమే అయినా, వెనక్కి కావాలంటే దరఖాస్తు రాసివ్వాలండి. అయినా ఈ పాటికి పోస్ట్‌మాన్ బీటుకి వెళ్ళిపోయాడు. స్టేషను వెనక వీధుల్లో జకరయ్య గారు కనపడతారేమో చూడండి."

మాధవీలత ఆటో కట్టించుకుని వీధి వీధీ గాలిస్తే, ఒక మందుల షాపు అరుగు మీద కూర్చుని ఉత్తరాలు సర్దుకుంటూ జకరయ్య దొరికాడు. తల నెరిసిన మనిషి, ముప్ఫై ఏళ్ళుగా అవే వీధులట.

"హనుమాన్‌ప్రసాద్ గారిదామ్మా? విత్తనాల షాపాయన? కాలేజీ కవరు కదా, ఇచ్చేశానమ్మా. పదకొండు గంటలప్పుడు. పెద్దావిడ చేతికిచ్చాను."

"ఆవిడ చదువుతారాండి?"

"సుందరమ్మ గారా? పేపరు మొత్తం చదివిగానీ లేవరు. నేనక్కడుండగానే కవరు చించేశారు."

 అత్తగారు చదివిందంటే కొడుక్కి చెప్పినట్టే. కొడుక్కి చెప్పిందంటే ఫైలు పోయినట్టే. అయినా మాధవీలత కాళ్ళు ఆ ఇంటి వైపే నడిచాయి. ఇంకెక్కడికి వెళ్ళాలో తెలియలేదు.

సుందరమ్మ వరండాలో పీట మీద కూర్చుని చేటలో గోంగూర ఒలుస్తోంది. డెబ్బై దాకా ఉంటాయి. మోకాళ్ళకి పట్టీలు, ముక్కు మీదకి జారిన కళ్ళజోడు. మాధవీలత పేరు చెప్పగానే తలెత్తి చూసింది.

"లైబ్రరీ మేడం గారా. రా అమ్మా, లోపల కూర్చో. ఎండనపడి వచ్చావు."

"పర్లేదు పిన్నిగారూ. మైథిలి హాజరు ఉత్తరంలో కాగితం ఒకటి తప్పుది వచ్చింది. తారుమారైపోయింది. సరైనది తెచ్చాను. ఆ తప్పుది ఇచ్చేస్తే..."

రైల్లో వల్లించిన మాటలు అంతవరకే వచ్చాయి. మిగతావి ఎటు పోయాయో పోయాయి. సుందరమ్మ చెయ్యి చాపి పెరటి మొక్కల కాగితం తీసుకుంది. కళ్ళజోడు సర్దుకుని పైనుంచి కిందిదాకా చూసింది. చింపిన మూలని బొటనవేలితో ఒకసారి తడిమింది.

"ఒక కాగితం సరిచెయ్యడానికి తెనాలి నుంచి నువ్వే వచ్చావా?"

"దారిలో పనుండి..."

"ఊఁ," అంది సుందరమ్మ. కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకుంది. పాతది ఇవ్వలేదు. ఇస్తానని గానీ ఇవ్వనని గానీ అనలేదు. లేచి వెళ్ళి మజ్జిగ తెచ్చిచ్చి, మళ్ళీ కూర్చుని గోంగూర ఒలవడం మొదలెట్టింది. మాధవీలత మజ్జిగ గ్లాసు పట్టుకుని ఆవిడ చేతుల వంకే చూస్తూ కూర్చుంది. మళ్ళీ అడిగితే అనుమానం, అడక్కపోతే వచ్చిన పని కాదు. పప్పు పొయ్యి మీద ఉడికింది, తాలింపు కూడా అయింది, ఈవిడ ఇంకా గ్లాసు పట్టుకునే ఉంది.

ఒంటిగంటకి హనుమాన్‌ప్రసాద్ అన్నానికి వచ్చాడు. మాధవీలత ఊహించుకున్న మనిషి వేరు. ఇతను తెల్లచొక్కా వేసుకుని, నవ్వుమొహంతో, చేతులు జోడించి పలకరించాడు.

"మైథిలి వాళ్ళ లైబ్రరీ మేడం గారురా," అంది సుందరమ్మ. "ఏదో పనిమీద ఈ ఊరొచ్చి, పిల్ల బాగా చదువుతోందని చెప్పి వెళ్దామని వచ్చారు."

మాధవీలత చటుక్కున ఆవిడ వంక చూసింది. ఆవిడ కంచాలు కడుగుతోంది.

"కూర్చోండి మేడం గారూ, అన్నం తినకుండా పంపిస్తామా," అన్నాడతను. "మైథిలి నాకు సొంత చెల్లెలు లాంటిదండి. ఆడపిల్లకి చదువు ఉండాలండి, ఈ రోజుల్లో తప్పదు. మా ఆవిడ కూడా బాగా చదువుకుంది." మొదటి ముద్ద కలుపుతూ తల్లి వైపు తిరిగాడు. "ఉత్తరం వచ్చిందామ్మా?"

"వచ్చింది. ఎనభై ఏడు శాతమట." హాజరు కాగితం తెచ్చి అతని కంచం పక్కన పెట్టింది.

అతను ఎడంచేత్తో తిప్పి చూశాడు. "ఇందులో ఇంకో కాగితం ఉంటుందే, పుస్తకాలది?"

 గోంగూర పప్పు రుచి గురించి మాధవీలత తరవాత ఎవరికీ చెప్పలేకపోయింది, ఆ పూట ఏం తిన్నదో ఆవిడకి తెలియలేదు.

సుందరమ్మ నడుము దగ్గర దోపుకున్న కాగితం తీసి విప్పింది. "ఇదా? పెరటి మొక్కల మీద ఉంది. బీర పాదుకి పురుగు పడితే ఏం చెయ్యాలో ఏదో పుస్తకంలో ఉందట. నేను ఉంచుకుంటాను."

అతను ఆ కాగితం వంక ఓసారి చూసి, "మా షాపుకొస్తే నేనే చెప్తానుగా పురుగుకి ఏం కొట్టాలో," అని నవ్వి, మజ్జిగ పోసుకున్నాడు. ఇంకో పది నిమిషాలకి చెయ్యి కడుక్కుని, మేడం గారికి మరోసారి నమస్కారం పెట్టి, బండి తీసి షాపుకి వెళ్ళిపోయాడు. బండి చప్పుడు వీధి మలుపు తిరిగింది.  

సుందరమ్మ వంటింట్లోకి వెళ్ళి, బియ్యం డబ్బా మూత కిందనుంచి అసలు కాగితం తీసుకొచ్చింది. గడి కట్టిన వాక్యం మీద వేలు పెట్టింది.

"అమ్మా, నువ్వు దీన్లో ఒక తప్పు వేశావు."

"తప్పేనండి," అంది మాధవీలత. "ఆ పిల్ల పేరు వెయ్యకూడదు."

"అది కాదు. భర్త దాచిపెట్టిన సర్టిఫికెట్లు అని వేశావు. ఈ ఇంట్లో దాచింది భర్త కాదు. నేను."

మాధవీలత ఆవిడ వేలి కిందున్న వాక్యాన్ని మళ్ళీ చదివింది.

"వాడు తెచ్చి నా చేతికిచ్చాడు. నాలుగు రోజులు నీ పెట్టెలో ఉంచమ్మా, దాని పిచ్చి వదిలిపోతుంది అన్నాడు. నీ పెట్టె ఎవరూ వెతకరు అన్నాడు. నిజమే, కోడలు ఇల్లంతా వెతికింది గానీ నా పెట్టె జోలికి రాలేదు. నన్ను ఒక్క మాట అడగలేదు. నా మోకాళ్ళు ఇలా ఉన్నాయి, అది ఉద్యోగానికి పోతే నాకు వండి పెట్టేదెవరు అని నేనూ చీరల కింద పెట్టేసి తాళం వేశాను. నా మీద నాకు అనుమానం కూడా రాలేదమ్మా, ఇవాళ ఇది చదివేదాకా."

చెప్తూ చెప్తూ గోడకి జారగిలబడింది.

"నేను టీచరు ట్రైనింగు పాసయ్యాను. చీరాల్లో. అప్పటికి పెళ్ళై ఏడాది. మా ఆయన ఆ సర్టిఫికెట్టు నీళ్ళకాగు కింద మంటలో పెట్టాడు. నా కళ్ళముందే పెట్టాడు, నేను పెనుగులాడాను కూడా. మా అత్తగారు అక్కడే కూర్చుని పప్పులో రాళ్ళు ఏరుతోంది. తలెత్తలేదు. మా ఆయన్ని నేను ఎప్పుడో క్షమించేశాను, పోయాడు కూడా. ఆవిణ్ణి మాత్రం ఇప్పటిదాకా క్షమించలేదు. తీరా చూస్తే నేను ఆవిడకంటే నాలుగాకులు ఎక్కువే చదివాను. ఆవిడ ఊరికే కూర్చుంది. నేను తాళం వేశాను."

ఆవిడ ఏడవలేదు. లేచి గదిలోకి వెళ్ళింది. ట్రంకు పెట్టె తాళం తీసిన చప్పుడు, చీరలు జరిపిన చప్పుడు వినపడ్డాయి. నీలం ఫైలు తెచ్చి మాధవీలత ఒళ్ళో పెట్టింది. పదో తరగతి దగ్గర్నుంచి బి.ఇడి. దాకా అన్నీ వరసగా ఉన్నాయి, ఒక్క మడత కూడా పడలేదు.

"రేపల్లె వెళ్ళి దాని చేతికివ్వు. బీరువాలో పెడితే వాడు చూస్తాడు. ఈ చీటీలో ఉన్న రక్షణ అధికారికి అది చెప్పుకునే ఉంటుంది, ఎప్పుడొస్తారు?"

మాధవీలత తటపటాయించింది. ఇంకా ఏం దాచాలి అనిపించి చెప్పేసింది. "సోమవారం పొద్దున అన్నారండి. ఫైలు దొరికింది కదా, రావద్దని చెప్పిద్దామా?"

"ఎందుకు రావద్దు? రానీ. ఫైలు దొరికింది సరే, ఉద్యోగంలో చేరడం ఇంకా మిగిలే ఉంది. రేపు పోస్టింగు దగ్గర ఇంకోటి దాస్తాడు. ఆవిడ వస్తే నేనే చెప్తాను ఏం జరిగిందో."

"ఆయన ఊరుకుంటారా, మీరు చెప్తే?"

"కన్నదాన్ని. ఏం చేస్తాడు, రెండు పూటలు అన్నం మానేస్తాడు," అంది సుందరమ్మ. మాట గట్టిగానే ఉంది. పెట్టె తాళంచెవి మాత్రం ఇంకా గుప్పిట్లో బిగించి పట్టుకునే ఉంది.

రేపల్లె బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఫైలున్న సంచి రెండు చేతులా పొట్టకి అదుముకుని, మాధవీలత దారి పొడుగునా హమ్మయ్య అనుకుంటూనే ఉంది. ఒకసారి అనుకుంటే సరిపోలేదు. కర్లపాలెం దాటేటప్పటికి నిద్ర కూడా ముంచుకొచ్చింది. సంచి మీద పెట్టిన చెయ్యి మాత్రం తియ్యలేదు. అదృష్టం బాగుండి ఉత్తరం సుందరమ్మ చేతిలో పడింది గానీ, ఇంకో చేతిలో పడి ఉంటే ఈ పూట తన మొహం ఎవరికి చూపించుకునేది? చదివినవాళ్ళ పేర్లు ఇక అచ్చులోకి ఎక్కవు, అంతే. చీటీలు రాయించుకో, వాక్యాలు వేసుకో, పేరు మాత్రం రాసినవాళ్ళ దగ్గరే ఉండనీ అని తనకి తనే గట్టిగా చెప్పుకుంది. ఈ సంగతంతా ప్రిన్సిపాల్ గారికి సోమవారమే చెప్పేసి, తిట్లేవో తినేద్దామని కూడా అనుకుంది.

ముందే ఫోన్ చేసి చెప్పడం వల్ల, రేపల్లెలో ఇల్లు వెతుక్కోనక్కర్లేకుండా అక్కాచెల్లెళ్ళిద్దరూ బస్టాండుకే వచ్చి నిలబడ్డారు. రాగసుధ సన్నగా, చెల్లెలికంటే పొట్టిగా ఉంది. ఫైలు తీసుకుని అక్కడే బెంచీ మీద కూర్చుని ఒక్కొక్క కాగితమే తిప్పి చూసుకుంది. అన్నీ చూశాక మళ్ళీ మొదట్నుంచి చూసింది. మైథిలి అక్క భుజం మీద తల పెట్టి గట్టిగా ఏడ్చేసింది. పొద్దున్నుంచి ఆపుకున్న ఏడుపు అది. రాగసుధ మాత్రం నవ్వుతోంది. నవ్వు ఆగట్లేదు ఆమెకి. చుట్టూ జనం చూస్తున్నారని కూడా లేదు.

"ఎక్కడ దొరికిందండి? ఇల్లంతా వెతికాను."

మాధవీలత చెప్పింది. సుందరమ్మ చెప్పిందంతా చెప్పింది, నీళ్ళకాగు సంగతితో సహా. రాగసుధ నవ్వు మెల్లగా తగ్గిపోయింది. ఫైలు మూసి ఒళ్ళో పెట్టుకుంది.

"అక్కా, ఇంక నువ్వు ఆ ఇంటికి వెళ్ళక్కర్లేదు," అంది మైథిలి కళ్ళు తుడుచుకుంటూ. "బుధవారం ఇట్నించి ఇటే గుంటూరు వెళ్ళిపోదాం."

"లేదే. రేపు సాయంత్రం వెళ్తాను, వెళ్తానన్న రోజే." ఫైలు మళ్ళీ మాధవీలత చేతికే ఇచ్చింది. "ఇది మీ దగ్గరే ఉంచండి మేడం. బుధవారం పొద్దున తెనాలి స్టేషన్లో తీసుకుంటాను. సోమవారం ఆ అధికారి వచ్చినప్పుడు అత్తయ్య ఒక్కతే ఆయనకి ఎదురుగా నిలబడి, నేను చేశానని చెప్తుంటే, నేను ఇక్కడ కూర్చోలేను. ఆనాడు ఆవిడ పక్కన ఒక్కరూ లేరు కదండీ."

బుధవారం పొద్దున మాధవీలత బండి వేళకి గంట ముందే తెనాలి స్టేషనుకి వచ్చి నిలబడింది. ఆ నాలుగు రోజులూ ఫైలు ఆవిడ తలగడ కిందే ఉంది. సోమవారం మైథిలి ఫోన్ చేసి, అధికారి వచ్చి వెళ్ళిందని, గొడవేం కాలేదని చెప్పింది, మిగతాది నెమ్మదిగా చెప్తానంది. ఆ నెమ్మది మాధవీలతకి రెండు రోజులు సరిగ్గా అన్నం సహించనివ్వలేదు. బాపట్ల బండి వచ్చి ఆగింది. ముందు రాగసుధ దిగింది, ఇస్త్రీ చీర కట్టుకుని. దిగి వెనక్కి తిరిగి చెయ్యి అందిస్తే, మోకాళ్ళ మీద బరువు ఆపుకుంటూ, ఒక్కొక్క మెట్టే చూసుకుంటూ సుందరమ్మ దిగింది. చేతిలో మూడు గిన్నెల క్యారేజీ.

"మీరెందుకు శ్రమ పడ్డారు పిన్నిగారూ," అంది మాధవీలత, ఫైలు రాగసుధ చేతిలో పెడుతూ.

"గుంటూరులో క్యూ ఎంతుంటుందో ఏంటో, ఇది తిండి మానేసి నిలబడుతుంది," అంది సుందరమ్మ. "ఆ అధికారి వాడి చేత రాయించుకుందమ్మా, ఉద్యోగానికి అడ్డు రానని. నేను చెప్పాల్సింది చెప్పాను. సోమవారం నుంచి వాడు నాతో మాట్లాడటం మానేశాడు." బెంచీ మీద కూర్చుని మోకాళ్ళు చాపుకుంది. "నలభై ఏళ్ళలో ఆ ఇల్లు ఇంత హాయిగా ఎప్పుడూ లేదు."

రాగసుధ ఫక్కున నవ్వింది. మాధవీలత కూడా నవ్వింది. గుంటూరు బండి రావడానికి ఇంకా ఇరవై నిమిషాలుందని మైకులో చెప్పారు. ముగ్గురూ ఆ బెంచీ మీదే కూర్చుని క్యారేజీ పై గిన్నె విప్పారు.